ఎవరి చేతి రంగులు

పూణె,
నవంబరు 12

ప్రియమైన ఉమ్మూకి,

డబ్బా జాగ్రత్తగా తెరువు. పైన కుక్కిన పాత టీషర్టు పారేయకు, దాని మడతల్లోనే ఒంటెల కాళ్ళున్నాయి. ఇంత చిన్న సంగతికి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్ చేస్తే అమ్మీ స్పీకరు మీద పెట్టుకుని తిన్నావా, ఏం తిన్నావు, ఎవరు వండారు అంటూ కూర్చుంటుంది. వెనకనుంచి నీ గొంతు ఒక్కసారి 'సలాం అన్నా' అంటుంది, అంతే. అందుకే నా హాస్టల్ రోజుల్లోలాగా డబ్బాలో ఉత్తరం.

మన కార్ఖానా పేటలో జెనిఫర్ నడిపే ఆటల క్లబ్బు నీకు తెలుసుగా. వేలెడంత సిపాయిలను బల్ల మీద నిలబెట్టి, టేపుతో కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి యుద్ధాలు ఆడేవాణ్ణి. ఆ క్లబ్బువాళ్ళు ఈసారి చలికాలం పోటీ పెట్టారు. మోజుపడి కొని, రంగు వేయకుండా మూలన పడేసిన బొమ్మలను ఫిబ్రవరి చివరికల్లా పూర్తి చేయాలి. అన్నీ ఒకే సైన్యానివి కాకూడదట. నా దగ్గర అలాంటివి కొల్లలు! ఒంటెల మీద సిపాయిలు, ఒక ముసలి మంత్రగత్తె, కప్పమొహం రాక్షసుడు, చక్రం ఊడిన ఫిరంగి, భుజాన పీపా మోస్తున్న వంటవాడు, అన్నీ కలగాపులగంగా పంపుతున్నాను.

రంగు నిలవడానికి ముందుగా కొట్టే ప్రైమర్ వాసన నా గదిలో ఉండేవాడికి పడదు. ఆఫీసులో నాకు ఊపిరాడటం లేదు. నువ్వు ప్రైమర్ కొట్టి, అడుగు రంగులు వేసి పంపు. మీద పని నేను చేసి ఫోటోలు క్లబ్బు గ్రూపులో పెడతాను. జట్టుగా చేయొచ్చన్నారు. మనిద్దరి పేర్లూ ఇచ్చాను.

నీకు బ్రష్ పట్టుకోవడం నేర్పిన
అన్న ఖలీల్


కార్ఖానా, సికింద్రాబాద్
డిసెంబరు 15

ప్రియమైన అన్నకి సలాం.

ముందుగా అమ్మీ నీ మీద చెప్పిన చాడీ. నేను డాబా మీద ప్రైమర్ కొడుతుంటే గాలి తిరిగింది. ఆరేసిన అమ్మీ తెల్ల దుపట్టా మీద బూడిదరంగు చుక్కలు పడ్డాయి. "పళ్ళకు రంగులేసుడు సాల్లేదా? ఇంట్ల సుత గిదొకటి షురూ చేసినవ్. ఆడు అక్కడికెళ్ళి పంపుడు, నువ్వు ఈడ పరేషాన్ అవుడు!" అని అరిచింది. కాసేపటికి తనే వచ్చి ఫిరంగి చక్రం పట్టుకుంది, నేను జిగురు పెట్టేదాకా.

ఇక అసలు సంగతి. అడుగు రంగులే వేయమన్నావు. వంటవాడి దగ్గర ఆగలేకపోయాను.

మా ల్యాబులో నేను చేసేది పింగాణీ పళ్ళు కదా. పన్ను తెల్లగా ఉండదన్నా. చిగుళ్ళ దగ్గర పసుపు, అంచుకు వచ్చేసరికి నీలం పారుతుంది. ఒకటే రంగు పూస్తే కట్టుడు పన్నని ఎదుటివాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. మొహమూ అంతేననిపించింది. వంటవాడి ముక్కు కింద, చెవుల వెనక పలచగా ఎరుపు పారించాను. పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చినవాడిలా అయ్యాడు. ఆదివారం పొద్దున కూర్చుంటే అమ్మీ అన్నానికి పిలిచేదాకా తల ఎత్తలేదు. అంత సంతోషం నాకు ఈ మధ్య ఏ పనిలోనూ కలగలేదు.

తర్వాత ఒంటెలు. తర్వాత మంత్రగత్తె. ఆవిడ మొహానికి మూడుసార్లు రంగు వేసి, మూడుసార్లు కడిగేశాను. కళ్ళు పెట్టగానే మరీ పొగరుగా చూసింది. ముసలివాళ్ళ పొగరు వేరే ఉంటుంది కదా, ఓడిపోయినా ఒప్పుకోని పొగరు. అది వచ్చేదాకా వదల్లేదు. చెంపలు నున్నగా రాకుండా కావాలనే చిన్న చిన్న గీతలుగా వేశాను.

రాక్షసుణ్ణి తప్ప అన్నింటినీ ఈ డబ్బాలో పంపుతున్నాను. నీకు చేయడానికేమీ మిగల్చలేదని కోపం రాదుగా? నచ్చకపోతే కడిగేయి, ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి చెప్పను.

నీ చెల్లెలు
ఉమ్మూ


పూణె,
జనవరి 11

ప్రియమైన ఉమ్మూకి,

కడిగేయడమా? వంటవాణ్ణి దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. మన వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, 'రంగు పలచగా, రెండు పూతలు' అని నీకు చెప్పిన రోజు గుర్తొచ్చింది. గ్రూపులో ఫోటోలు పెట్టానో లేదో ఎలా వేశారని అందరూ ఒకటే అడగడం. మంత్రగత్తె కళ్ళను క్లబ్బులో పాతకాపులే ఫోటో పెద్దది చేసి మరీ చూశారట. నేను పెద్దగా ఏమీ చేయలేదు, ఒంటెల కాళ్ళకింద కాస్త ఇసుక అంటించానంతే.

ఇంకో కబురు. బెంగళూరులో ఇలాంటి బొమ్మలకు రంగులు వేసి విదేశాలకు పంపే స్టూడియో ఒకటి ఉంది. వాళ్ళ మనిషి చివరి రోజు ప్రదర్శనకు, అంటే ఫైనల్‌కు వస్తాడట. బాగా చేసినవాళ్ళను పనిలోకి తీసుకుంటారట. చూద్దాం.

రాక్షసుణ్ణి పూర్తి చేసి ఈ కింది అడ్రసుకు పంపు. ఇది నా స్నేహితుడు సత్యదేవ్ ఇల్లు. నేను గది మారుతున్నాను, కొన్నాళ్ళు వాడి దగ్గరే ఉంటాను. ఈ మాట అమ్మీకి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది. నువ్వు క్లబ్బు వైపు కూడా వెళ్ళకు. ఫైనల్ రోజు నేనే వచ్చి నిన్ను అందరి ముందూ నిలబెడతాను. అప్పటిదాకా సర్‌ప్రైజ్.

ప్రేమతో, నీ వల్ల గర్వపడుతున్న
అన్న


కార్ఖానా,
ఫిబ్రవరి 8

ప్రియమైన అన్నకి,

నువ్వు వెళ్ళొద్దన్నావు, వెళ్ళాను. రాక్షసుడి చర్మానికి వేసే ఆకుపచ్చ రంగు నిండుకుంది. అది మన వైపు జెనిఫర్ దగ్గర తప్ప దొరకదు. ల్యాబు నుంచి వస్తూ క్లబ్బు మెట్లెక్కాను.

సీసా తీసిస్తూ ఆ అమ్మాయి నా పేరడిగింది. చెప్పాను.

"ఖలీల్ భాయ్ చెల్లెలా మీరు? అరె, చెప్పరేంది! మీ అన్న చెయ్యి గీ సాల్ ఎట్ల తిరిగిందో చూసిన్రా?" అని ఫోనులో ఫోటోలు తీసి చూపించింది. వంటవాడు. ఒంటెలు. మంత్రగత్తె. ప్రతి దాని కింద నీ పేరు. నా పేరు కోసం పైకీ కిందికీ చూశాను.

"జట్టుగా చేసేవాళ్ళ పేర్లు వేరేచోట ఉంటాయా?" అని అడిగాను.

"జట్టా? జట్లు లేవు కదా. ఎవరి బొమ్మలు ఆళ్ళే వేయాలె, గదే రూలు" అంది.

మంత్రగత్తె ఫోటో కింద ఎవరో అడిగారు, ఆ కళ్ళు ఎలా వేశారని. నువ్వు జవాబు రాశావు: 'ఓపిక ఉంటే చాలు బ్రదర్. మూడుసార్లు కడిగి మళ్ళీ వేశాను.'

అది నేను నీకు రాసిన మాట, అన్నా.

జెనిఫర్‌కి నేనేమీ చెప్పలేదు. సీసా తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక సీసా మూత తీయకుండానే రాక్షసుణ్ణి బీరువాలో పెట్టేశాను. అయినా పూర్తి చేశాను, పంపుతున్నాను. పని సగంలో వదిలేయడం నాకు చేతకాదు.

నువ్వేదో తొందరలో అలా చేసి ఉంటావని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఫైనల్ లోపల నువ్వే వాళ్ళకు నిజం చెప్పు. నేను చెప్పాల్సిన అవసరం రానివ్వకు. ఆ స్టూడియో పని నాకు కావాలని నోరు విడిచి అడుగుతున్నాను. ఇంతవరకు నిన్ను ఏదైనా అడిగానా?

నీ చెల్లెలు
ఉమేరా


పూణె,
ఫిబ్రవరి 14

ప్రియమైన ఉమ్మూకి,

నీ ఉత్తరం చదివాను. దాచి లాభం లేదు. వానాకాలంలోనే నా ఉద్యోగం తీసేశారు. అప్పటినుంచి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఏదో ఒక పార్కులో కూర్చుని వస్తున్నాను. అమ్మీ ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటాను. సత్యదేవ్ దయ మీద బతుకుతున్నాను. ఆ స్టూడియో నాకున్న ఒక్క దారి.

నీకు ల్యాబులో పని ఉంది. ఇల్లుంది. నిజంగా చెప్పు, అమ్మీ నిన్ను ఒక్కదాన్ని బెంగళూరు పంపుతుందా? పంపదు. మరి నీకు రాని దాన్ని నాకు దక్కనీయడానికి నీకేం కష్టం? ఈ ఆట నాది, బొమ్మలు నావి, బ్రష్ పట్టడం నీకు నేర్పింది నేను. చేయి నీదే కావచ్చు, చూపు నాది.

నేను కుదురుకున్నాక నిన్ను కూడా అక్కడికే తీసుకెళ్తాను, ఇది నా మాట. ఈ ఒక్కసారికి నోరు విప్పకు. విప్పావంటే నేనిక తల ఎత్తుకోలేను.

అమ్మీని కూడా ఫైనల్‌కి తీసుకురా. ఈ ఏడాది నన్ను చూసి ఆమె సంతోషపడేది ఇంకేమీ లేదు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
అన్న


కార్ఖానా,
మార్చి 9

అన్నకి,

అమ్మీకి ఫోన్ చేసి, ఉద్యోగం పోయిందనీ, ఉమేరా నలుగురిలో నా పరువు తీసిందనీ చెప్పావట. ఫైనల్ రోజు నువ్వు మెట్లు దిగి వెళ్ళిపోయాక ఏం జరిగిందో నీకు తెలియదు. ముందు ఏం జరిగిందో నువ్వు అమ్మీకి చెప్పలేదు. రెండూ ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

నేను నోరు విప్పకూడదనే వచ్చాను. నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తిట్టుకున్నాను, చివరికి సరే పోనీ అనుకున్నాను. పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర కట్టుకుని అమ్మీ నా పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ "గవి మా కొడుకు చేసినయి" అని చూపించింది. నేను తల ఊపాను. ఆ పాపం నాకూ ఉంది.

స్టూడియో మనిషి జెరెమియా నిన్ను పక్కకు పిలిచి, రంగు వేయని సిపాయిని ఒకణ్ణి చేతికిచ్చి మొహం వేయమన్నాడు. నువ్వు కళ్ళజోడు తేలేదన్నావు. నీకు కళ్ళజోడే లేదు. ఇచ్చిన బ్రష్ బాగాలేదన్నావు. తర్వాత వేశావు. సిపాయి మొహం మీద ముద్దలా నిలిచిన రంగును నేను వెనకనుంచి చూశాను. అప్పుడు కూడా నాకు నీ మీద జాలే కలిగింది.

జెరెమియా మంత్రగత్తెను తీసుకొచ్చి, "ఇది వేసిన చేయీ, ఆ సిపాయికి వేసిన చేయీ ఒకటేనా?" అని అడిగాడు. నువ్వేమన్నావో గుర్తుందా?

"అన్నీ నావే సార్. మా చెల్లెలు అడుగు రంగు సరిగ్గ వెయ్యలె. చూడుండ్రి, ఆ ముసలిదాని మొహం గందుకే గరుకు గరుకుగ వచ్చింది. నేనేసుకుంటే నున్నగ ఉండేది."

దొంగతనమైతే ఓర్చుకున్నానన్నా. ఆ గరుకుదనం కోసం నేను మూడుసార్లు కడిగాను. నువ్వు దాన్ని తప్పని చెప్పి, ఆ తప్పు ఒక్కటే నా పేరు మీద రాశావు.

"ఆ మొహం నాది" అన్నాను. అంత గట్టిగా అన్నానని నాకే తెలియదు.

నువ్వు నా వైపు చూడలేదు. నీ సంచీ తీసుకుని వెళ్ళిపోయావు.

ఆ తర్వాతిది విను. ఎవరూ నమ్మలేదు. "తప్పు నీ మీదేసుకుని అన్నను కాపాడుకుంటున్నవా?" అని ఒకాయన జాలిగా అడిగాడు. జెనిఫర్ నా చేతికి బ్రష్ ఇచ్చింది. కూర్చున్నాను. నువ్వు ముద్ద చేసిన సిపాయి మొహమే కడిగి, మళ్ళీ వేశాను. జెరెమియా వంగి, మంత్రగత్తెను దాని పక్కన పెట్టి చూశాడు. నేను తల ఎత్తేసరికి అమ్మీ లేదు. ఒక్కతే ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

పోటీలోంచి నీ పేరు తీసేశారు. ఫోటోలన్నీ తుడిచేశారు. బహుమతి ఇంకెవరికో వెళ్ళింది. రూలు రూలే అంది జెనిఫర్, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. అంటే ఈ చలికాలమంతా నేను వేసినవి ఎవరూ వేయనట్టే. జెరెమియా మాత్రం వెళ్ళేముందు తన నంబరిచ్చాడు. వారం తర్వాత పిలుపు వచ్చింది. ముందు కొన్ని నెలలు చూస్తారట, నచ్చితే ఉంచుకుంటారట. వెళ్తున్నాను.

అమ్మీ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, గిన్నె చప్పుడు చేస్తుంది, అంతే. నిన్న నేనే అడిగాను, నా తప్పేంటో చెప్పమని. "ఆనికి నౌకరీ పోయిందని నీకెర్క. ఎరికుండి నోరు తెరిచినవ్. నువ్వు జెర సబర్ పట్టి ఉంటే ఆడు బతుకుతుండె" అంది. "మరి నేను, అమ్మీ?" అన్నాను. ఆమె నా వైపు చూసింది. ఆ ప్రశ్న తనకు ఇంతవరకు ఎప్పుడూ తట్టనట్టు చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

అమ్మీ పంపదని రాశావు గుర్తుందా? పంపడం లేదు. వద్దని కూడా అనడం లేదు. నేను ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టుంది.

ఇది కోపంతో రాయడం లేదని చివర్లో ఒక మాట రాద్దామనుకున్నాను. అబద్ధం ఎందుకు, కోపంతోనే రాస్తున్నాను. నువ్వు క్షమించమని అడగలేదు. అడిగినా, ఇవ్వడానికి నా దగ్గర ఇప్పుడు క్షమ లేదు.

ఆదివారం నేను బండి ఎక్కుతున్నాను. నా గది ఖాళీ చేశాను. ఆ స్నేహితుడి ఇంట్లో ఎంతకాలం ఉంటావు, ఇంటికి వచ్చేయి. అమ్మీ ఇప్పటికే నీ పరుపు ఎండలో వేసింది. నీకిష్టమైనవన్నీ వండుతుంది, ఒక్క మాట కూడా అడగదు.

నేను వెళ్ళాక రా.

ఉమేరా