"ఏదైనా ఒకటే" అన్న పాపానికి

సైనిక్‌పురి

చిరంజీవి తమ్ముడు సుబ్బారావుని అక్క దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మాత్రలు మానొద్దన్నానని మరదలికి చెప్పు. ఫోన్లో అయితే హాలంతా వినపడుతుంది, అందుకే రాస్తున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. నాకేం జబ్బు లేదు, రోత తప్ప.

మీ బావగారు పోయి నేను పెద్దాడి ఇంటికి వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే ఉప్మా. వచ్చిన కొత్తలో కోడలు "ఇడ్లీనా, ఉప్మానా అత్తయ్యా?" అంటే మొహమాటపడి "ఏదైనా ఒకటేనమ్మా" అన్నాను. తనకి ఉప్మా తేలిక. ఇప్పుడా పోపు వాసన వస్తే చాలు, లేచి కిటికీ దగ్గరికి పోతున్నాను. బయట వదలని ముసురు, లోపల ఉప్మా.

మొన్న మనవరాలు డిగ్రీ ఎకనామిక్స్ చదువుతూ ఏదో గీత గీసింది. "నానమ్మా, దీన్ని ఉదాసీనతా వక్రరేఖ అంటారు. రెండిట్లో ఏదైనా ఒకటే అన్న మనిషిని దీని మీద ఎటు జరిపినా తృప్తి తగ్గదు" అంది. ఈ మాట రాసిన మహానుభావుడికి అమ్మ లేదా, అత్త లేదా అన్నాను. మొహమాటం, భయం, విసుగు అన్నీ వాడికి తృప్తిలాగే కనపడ్డాయా? ఛీ, అదీ ఒక చదువేనా!

చదువునేమంటాం, కన్నకొడుకే అలా ఉంటే. ఆ సాయంత్రమే పెద్దాడు బెంగళూరులో ఉన్న చిన్నాడికి ఫోన్ చేసి, "వచ్చే నెల నుంచి నీ దగ్గర ఉంచుకో. అమ్మకి ఎక్కడైనా ఒకటే" అంటున్నాడు. నన్నొక మాట అడగలేదు. ఒళ్ళు మండిపోయింది.

పక్కింటి యాదమ్మ దగ్గర కూర్చుని ఏడ్చాను.

"ఏంది వదినా, గిట్ల పరేషాన్ అయితవ్? నువ్వు నోరు తెర్వకుంటె వాళ్ళకెట్ల ఎరుకైతది? యాడ ఉండాలనుందో జెర చెప్పరాదు!" అని మందలించింది.

చెప్పాను తమ్ముడూ. మర్నాడు ఉప్మా పళ్ళెం పక్కకి నెట్టి, "నాకు ఒకటి కాదురా. ఇక్కడా వద్దు, బెంగళూరూ వద్దు. పాలకొల్లులో తమ్ముడి దగ్గరికి పోతాను" అన్నాను. వాడు తెల్లబోయి, "ముందే చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు. అవును మరి, అడిగితేగా!

నువ్వు ఎన్నాళ్ళుగానో రమ్మంటున్నావు. ముందు గది కావాలా, వెనక గది కావాలా అని కూడా అడిగావు. ఇక్కడ "ఏదైనా ఒకటే" అని రాసి కొట్టేశాను, నీకు కనపడుతూనే ఉంటుంది. ముందు గది. వీధి కనపడేది.

పిన్నికి నా నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

ఇట్లు,
నీ అక్క రత్నం

మరిచాను. వచ్చిన రోజు పెసరట్టు వెయ్యమను. లోపల ఉప్మా పెట్టొద్దని మరదలికి మరీ మరీ చెప్పు.