మంచం వెనక గోడలో తీగ

రమోన్ అన్నయ్యా,

పొద్దున నేను ఏసీ కట్టేశానని అరిచి వెళ్ళిపోయావు. టూసాన్ ఎండల్లో ఎవరికైనా కోపం వస్తుంది. కానీ మీ మంచం వెనక గోడ తాకితే చెయ్యి చురుక్కుమంది.

"మాటిమాటికీ పడిపోతోందని పదిహేను ఆంపియర్ల బ్రేకరు పీకి ముప్పైది పెట్టా. దాని తిక్క కుదిరింది" అన్నావు. కొత్త ఏసీ పద్దెనిమిది లాగుతుంది. గోడలో పాత తీగ మోసేది పదిహేనే. పాత బ్రేకరు పడిపోయి, కరెంటు ఆపి ఆ తీగను కాపాడేది. నువ్వు ఆ కాపలా తీసేశావు.

నువ్వు వెళ్ళాక గోడ విప్పాను. తీగ తొడుగు మాడిపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మెయిన్ ఆపి, లావు తీగ లాగి, సాకెట్టు కూడా మార్చాను. ఇప్పుడు నీ ముప్పై దానికి సరిగ్గా సరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, భయపడకుండా పడుకోండి.

డేలియా వదిన ఆ తీగ చూసి, "మీ అన్నకు చెప్పకమ్మా, చిన్నబుచ్చుకుంటాడు" అంది. చెప్పకపోదును. కానీ పోయిన వారం మీ అమ్మాయి లూసియా ఇంట్లోనూ నువ్వు బ్రేకరు మార్చావట. దానికి ఫోన్ చేసి ఏసీ ఆపించాను. పసిపిల్లతో ఉక్కలో కూర్చుంది.

నేను అక్కడికే వెళుతున్నాను. అలక తర్వాత చూసుకుందాం, ముందు నువ్వూ రా. ఈసారి తీగ నీచేతే లాగిస్తాను.

నీ చెల్లెలు