సముద్రం పక్కన నాలుగు రోజులు

ఏవండీ,

నాకు ఆఫీసుకి టైమైపోయింది. పదకొండింటికి మెకానిక్ వస్తాడు, కారు వైపర్లు రెండూ మార్పించండి. కుడివైపుది చాలులే అనకండి, ఎడమపక్క కూర్చునేది నేను. పొయ్యి మీద పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి.

మీరు గోడకి అంటించిన మ్యాప్ ఇప్పుడే చూశాను. నాలుగు రోజులు తీరం వెంటే వెళ్తున్నాం, ఒక్కచోటా సముద్రం దగ్గర దిగడం లేదు. నీళ్ళు దగ్గరపడ్డాయో లేదో మీ ఎర్రగీత కొండ మీదికి పోతోంది. ఐదు కొండలు! ఘాట్ రోడ్డు మలుపులకి నా కడుపులో తిప్పుతుందని ఇరవై రెండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాను. "పైనుంచి చూస్తే ఎంత బాగుంటుందో" అంటారు. ఈ వానల్లో పైనుంచి కనిపించేది మబ్బే. నాకు చూడ్డం కాదు, పాదాలు తడవాలి.

అందుకే మూడో రోజు కొండ కొట్టేశాను. మళ్ళీ గీశారంటే మీరూ మీ మ్యాపూ వెళ్ళిరండి, నేను రాను.

తా.క. మరీ మనసొప్పకపోతే ఆ కొండ మీరొక్కరే ఎక్కి రండి, నేను ఒడ్డున ఉంటాను. ఉన్న ఒక్క గొడుగూ మీరే పట్టుకెళ్ళండి. మీకు జలుబు చేస్తే చాకిరీ నాకే.