పన్నెండు గదుల బీగంచెవులు

రామలింగం బావకు,

మీరు చేరింటారని, జోర్డాన్ శరణార్థుల క్యాంపుకు పోయే బస్సు డ్రైవరు చేతికి ఈ జాబు ఇస్తాండా.

ఇరాక్ సైన్యం వచ్చిన పదో దినం, బస్సు దొరక్క, జ్వరంతో ఉన్న పాపను ఎత్తుకోని నువ్వూ అక్కా మా మోటెల్ కాడికి నడిచొచ్చినారు. ఒక్క పూటకు గది అడిగితే, నన్ను పనికి పెట్టుకున్న యజమాని, కఫీల్, ఒప్పుకోడని చెప్పి, నీళ్లిచ్చి పంపిచ్చినా.

కఫీల్ అప్పటికే సౌదీకి పారిపోయినాడు. ఆ మాట నీకు చెప్పలేదు.

అమెరికాలో చదువుకునేటప్పుడు రోడ్ల పక్కన చూసిన మోటెళ్ల మాదిరే ఆయన దీన్ని జహ్రా రోడ్డు మీద కట్టిచ్చినాడు. వచ్చినోళ్లు గది ముందరే కారు ఆపుకుంటారు. పనోళ్లం వంటింటి వెనక పండుకుంటాం. ఎనిమిదేండ్లలో ఆ పరుపుల మీద నేను కూర్చోని కూడా ఎరగను. పోతా పోతా బీగంచెవులు నా చేతిలో పెట్టి, నీ మీదే నమ్మకం అన్నాడు. నా పాస్‌పోర్టు మాత్రం ఆయన కారులోనే పోయింది. నమ్మకమన్న ఆ ఒక్క మాటకు కుక్క మాదిరి కాపలా కాసినా.

నిన్న సైనికులు లారీలు తెచ్చి పరుపులు, ఏసీలు, తలుపులతో సహా పెరుక్కోని పోయినారు. నన్ను బీగంచెవులు అడగను కూడా లేదు.

పాపకు జ్వరం తగ్గిందా? అక్క నన్ను తిట్టింటే బాగుండు.

పన్నెండు బీగంచెవులూ ఇంకా నా నడుముకే ఉండాయి. ఇప్పుడొస్తే ఏ గదైనా తీసుకోండి బావా, దేనికీ తలుపు లేదు.

నీ బామ్మర్ది