ఎడమ భుజానికి తుపాకీ

సుగుణా, మన రమ షూటింగ్ పోటీకి ఎంపికైందే! నలభై ఏళ్ల వయసులో! సరిగ్గా నీ సంవత్సరీకం నాడే కబురొచ్చింది, సంతోషంతో నాకు అన్నం కూడా సయించలేదు.

కానీ ఏం లాభం? ఇన్నాళ్లూ క్లబ్బువాళ్ల ఎడమచేతి ఎయిర్ రైఫిల్‌తో నేర్చుకుంది, పోటీకి మాత్రం సొంతది కావాలట. మూడు శుక్రవారాలుగా దోహా అంతా తిరిగాం. తుపాకీ, కోటు, గ్లవ్ కలిపిన కిట్టు ఏది చూసినా కుడిచేతివాళ్లదే. తర్వాత నేర్చుకుందామనుకున్న పిస్టల్ పిడి కూడా అంతే. అడిగితే షాపతను అరబ్బీలో "మాఫీ", లేదు అంటాడే తప్ప తలెత్తి చూడడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కుడి భుజానికే పెట్టుకోరాదే బిడ్డా, రాసేది కుడిచేత్తోనే గదా!" అని రమ మీద అరిచాను.

"రాసుడు నువ్వు కొట్టి నేర్పినవ్ బాపూ. గురి మాత్రం ఎడమదిక్కే ఉన్నది" అని నవ్వింది.

నువ్వు అడ్డం పడుతున్నా, బట్టలు కొలిచే స్కేలుతో ఆ ఎడమచేతి మీద కొట్టింది నేనే కదా.

నిన్న పట్టుబట్టి ఎడమచేతి కిట్టుకే ఆర్డరు పెట్టించాను. పిస్టల్ సంగతి తర్వాత చూద్దామన్నాడు కోచ్. కోటు భుజాలు వదులైతే నేనే సరిచేసి కుడతాను.

మీ తమ్ముడికి, మా పెద్దక్కకు, జగిత్యాల చిన్నమ్మకు నేను ఫోన్ చేస్తాను. ఎడమచేయి అరిష్టమని నా చేతికి స్కేలు అందించిన మా అమ్మ అక్కడ నీ దగ్గరే ఉంది. ఆమెకు నువ్వే చెప్పు.