స్తంభానికి కొసరు

నందికొట్కూరు,
ఆదివారం.

ఏమప్పా ఖాజావలీ,

ఫోను ఎత్తవు కనుక ఉత్తరం రాస్తున్నాను. నీ సైకిలు మా వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిందని మా ఇంటావిడ చూసి చెప్పింది. అలక నీకే కాని సైకిలుకు లేనట్టుంది.

నేను కట్టేది పాతకాలపు యుద్ధనౌక నమూనా. నా కొలతలో ఒక సెంటీమీటరంటే అసలు ఓడలో ఒక మీటరు. మంచం కోళ్లు తిప్పే చెయ్యి కదా అని నడిమి తెరచాప స్తంభం నీకు అప్పజెప్పాను. నున్నగా తెచ్చావు, కాని రెండు వేళ్ల మందమంత పొడవు ఎక్కువ! అసలు ఓడలో ఆ ఎక్కువే రెండాళ్ల ఎత్తు. అడిగితే, "కొసరియ్యకుంటే నా చేతికి బరకత్ యాడుంటాది, పని ఎట్ల కలిసొస్తాదన్నా?" అన్నావు. మీ వంశమే అంత. మా పెళ్లి మంచానికి మీ నాయన ఐదో కోడు కొసరిచ్చాడు. మా ఇంటావిడ ఇప్పటికీ దాంతోనే బట్టలు బాదుతోంది.

టీకొట్టులో నలుగురి ముందర "ఇది ఓడకా, ఏతానికా? కోసెయ్‌ప్పా" అని నవ్వాను. "ఇచ్చిన కొసరు నా చేత్తోనే కోయల్లా?" అని లేచిపోయావు. ఆనాటి నుంచి నా టీ ఒంటరిదైంది.

స్తంభం కోయలేదప్పా. రంపం పట్టుకున్నాను కాని మనసు రాలేదు. రెండేళ్లుగా చేసిన ఓడను పక్కనపెట్టి, నీ స్తంభానికి సరిపోయే కొలతలో పెద్ద ఓడ మొదలుపెట్టాను. టేకు చెక్కలు కోయడానికి రేపు రా. ఒక్కటే మనవి: వీటికి కొసరియ్యొద్దు, ఇస్తే ఈసారి స్తంభం పొట్టిదవుతుంది.

టీ తాగకుండా నీకోసం కాచుకున్న
నీ అన్న