సీటులో కూర్చున్నవాడి ఎడమ

జూన్ 9, సాయంత్రం 6

ఇప్పుడే రాయాలి. రేపటికి ఎవరి మాట వాళ్లదవుతుంది. మధ్యాహ్నం నాన్న తోలే పాత చైన్ బండి, రాళ్లు తోసే బుల్డోజరు, క్వారీ మేస్త్రిని గోడకు అదిమి చంపేసింది. నాన్న కావాలనే చేశాడంటున్నారు.

నేను చూశాను. రాళ్లు తోస్తూ తోస్తూ బండి కుడికి, గోడవైపు లాగేసింది. బండిని ఎడమకు తిప్పే ఎడమ లివర్‌ని నాన్న రెండు చేతులా లాగాడు. అది వినలేదు. బండిని ఆపే మెయిన్ క్లచ్ అందుకునేలోపే అయిపోయింది. మేస్త్రి నోట్లోంచి అరుపు రాలేదు. రక్తం వచ్చింది.

నాన్నను కిందికి లాగి తన్నారు. మేస్త్రి తమ్ముడు రాయితో దవడ మీద కొట్టాడు. అడ్డుపడిన అమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు. నేను వాడి చెయ్యి కొరికాను. నోట్లో ఇంకా గ్రీజు రుచి.

జూన్ 10

హత్య కేసు పెట్టారు. మొన్న బండి ఓ పక్కకు తిరగడం లేదని నాన్న చెబితే, మేస్త్రి అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తోలలేక బండికి వంకలా, ఇంట్లో చదువుల తల్లి ఉందిగా, దాంతో బాగుచేయించుకో అన్నాడు. ఒకరోజు ఈ చైన్ కిందే పోతావురా అని నాన్న అన్నాడట. పద్నాలుగు మంది విన్నారు.

పోలీసుల మెకానిక్ ఖాళీ బండిని పది గజాలు ముందుకూ వెనక్కూ నడిపి, లోపం లేదని రాశాడు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ ఎడమ స్టీరింగ్ క్లచ్‌ని నిన్న పొద్దున నేనే సరిచేశాను. మా ఇంట్లో మాన్యువల్ చదవగలిగేది నేనొక్కదాన్నే. లివర్‌లో ఫ్రీ ప్లే, అంటే వదులు, ఎక్కువైతే క్లచ్ విడవదు, ఆ పక్క చైన్ ఆగదు, బండి అటు తిరగదు. నట్ మూడు చుట్లు బిగించాను. పాత చోటుకు గుర్తుగా నా గోళ్లరంగు చుక్క పెట్టాను. తినని చేతి పక్కనమ్మా, అని నాన్న గుర్తుచేస్తే నవ్వాను. ఎడమ అనాలి నాన్నా, అన్నాను. ఒకసారి బండి తిప్పి చూడమని నేనంటే, నువ్వు చేశాక చూసేదేముంది తల్లీ అన్నాడు.

జూన్ 11

ఆసుపత్రిలో నాన్నవి రెండు పళ్లు కాగితంలో చుట్టి అమ్మకిచ్చారు.

జూన్ 12, ఉదయం 7

క్వారీలో ఎవరూ లేరు. మొదటిసారి ఆ సీటు ఎక్కాను. ఎడమ లివర్ మీద చెయ్యి వేసి లాగాను. నేను ముట్టనట్టే వదులు.

కుడిది లాగాను. అసలు ఫ్రీ ప్లేయే లేదు.

ఆ రోజు నేను రేడియేటర్ ముందు, బండికి ఎదురుగా నిలబడి, చేతిలో పుస్తకంతో, నా ఎడమ పక్క మూత తీశాను. బాగున్న కుడి క్లచ్‌ని బిగించాను. అది బరువు పడితే జారుతుంది, బండి కుడికి లాగుతుంది. ఎడమది ఎప్పటిలాగే విడవదు.

మొదటి పేజీలోనే ఉంది. ఎడమ, కుడి అంటే సీటులో కూర్చున్నవాడికి. ఆ పేజీ చదవకుండా తిప్పేశాను.

జూన్ 13

ఆసుపత్రిలో, కాపలా పోలీసు బయట ఉండగా, నాన్నకు చెప్పాను. ఆయనకు నిన్ననే తెలుసట, పడుకుని లెక్కేసుకున్నాడట. నోరు మూసుకో అన్నాడు. దవడ కదలక సగం మాటే వచ్చింది. మా ఇంట్లో మొదటిసారి బడి కాగితం మీద ఎక్కిన పేరు నాది, అది పోలీసు కాగితం మీద ఎక్కకూడదట. మళ్లీ నోరెత్తితే కొడతానన్నాడు. ఎప్పుడూ కొట్టలేదు.

జూన్ 14

ఇన్‌స్పెక్టర్ గారికి ఇచ్చిన అర్జీ నకలు:

కుడి మూత తీయించండి. నేను పొరపాటున బిగించిన నట్ పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, నా గోళ్ల మీద ఉన్న రంగే. బండికి బరువు పెట్టి నడిపించండి. ఇరవై ఒకటిన క్వారీవాళ్లు దాన్ని పాత ఇనుముకు కోసేస్తారు. ఇరవైలోగా జవాబివ్వండి. అప్పటిదాకా గోళ్లు కత్తిరించను.